సాగరగర్భ యాత్రికుడు: జాక్ ఈవ్ కూస్తో

భూగోళంపై నేల కంటె నీరే అధికమని ప్రాథమిక పాఠశాలలోని బాలునికి సైతం తెలుసు. భూతలంలో సుమారు 71 శాతం సముద్రమే. కాని ఆ సముద్రపు కడుపులో ఏమున్నదో ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగం వరకు పండితులకు కూడ కొంచెమే తెలుసు. ఓడలు నీటిపై పయనించాయి, వలలు నీటిలోనికి దిగాయి, మనిషి మాత్రం చాలావరకు ఒడ్డుననే నిలిచిపోయాడు. పారశీక సింధుశాఖలోను, మన దేశానికి దక్షిణాన మన్నారు సింధుశాఖలోను ముత్యపు చిప్పల కొరకు మునిగే సాహసికులు తరతరాలుగా ఉండేవారు. రాతిబరువు ఊతగా, ఊపిరి బిగబట్టి వారు అడుగుకు చేరుకొనేవారు. బిగబట్టిన ఆ ఊపిరి ఉన్నంతసేపే వారికి అక్కడ చోటు. అది ముగియగానే పైకి రావలసిందే. ఆ గడువును నిమిషాల నుండి గంటకు పొడిగించి, సముద్రాన్ని సామాన్య మానవునికి చూపించిన ఫ్రెంచి నావికుడు జాక్ ఈవ్ కూస్తో. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయుట ఈ వ్యాసోద్దేశం. ఆయన సాధించిన దానిని చెప్పుట సులభం. సాధించిన తరువాత ఆయన నేర్చుకొన్నదానిని చెప్పుట కొంత కష్టం. మేము రెండింటిని చెప్పదలచినాము.

కూస్తో 1910 జూన్ 11వ తేదీన ఫ్రాన్సు దేశంలో బోర్డో నగరానికి సమీపాన గల సెంతాంద్రే ద క్యూబ్జాక్ అను చిన్న పట్టణంలో జన్మించాడు. బాల్యంలో ఆయన రోగపీడితుడు, రక్తహీనుడు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం కొంతకాలం అమెరికాలో నివసించింది. అక్కడ వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక వేసవి శిబిరంలో, సరస్సు అడుగున పడి ఉన్న ఎండుకొమ్మలను ఏరివేసే పని ఆ బాలునికి అప్పగించబడింది. నీట మునుగుట ఆయనకు ఆ విధంగా అలవడింది. 13 ఏళ్ల ప్రాయంలో కూడబెట్టిన డబ్బుతో ఒక చలనచిత్ర కెమేరాను కొనుక్కొన్నాడు. నీరు, కెమేరా అను ఈ రెండు వ్యసనాలు కడదాకా ఆయనను విడువలేదు. చదువులో మాత్రం శ్రద్ధ తక్కువ. కిటికీ అద్దాలు పగులగొట్టి పాఠశాల నుండి వెళ్లగొట్టించుకొన్న అల్లరివాడు ఆయన. అటువంటివాడు 1930లో బ్రెస్త్‌లోని నౌకాదళ విద్యాలయంలో స్థానం సంపాదించుకొన్నాడు.

నిజానికి ఆయన కోరుకొన్నది సముద్రపు అడుగును కాదు, ఆకాశాన్ని. నౌకాదళ విమాన శిక్షణలో చేరాడు. 1936లో జరిగిన మోటారు ప్రమాదంలో చేతులు విరిగి, విమాన చాలకుడు కావలెనను ఆశ భగ్నమైనది. చేతులకు బలం రావడానికి ఈత మంచిదని తూలోన్ రేవు దగ్గర మధ్యధరా సముద్రంలో ఈదుచుండగా, ఫిలిప్ తాయియే అను సహోద్యోగి ఆయనకు నీటిలో చూడడానికి వీలైన కళ్లద్దాలను ఇచ్చాడు. ఆ అద్దాలు పెట్టుకొని తల ముంచిన క్షణాన కూస్తో జీవితం మలుపు తిరిగింది. పైన రోడ్డు, ట్రాములు, జనం. జానెడు కింద నాచుతో పచ్చబడిన రాళ్లు, వాటి మధ్య జంకు లేక తిరుగుచున్న చేపలు. రెక్కలు విరిగిన వైమానికునికి మరొక ఆకాశం దొరికినట్లయింది.

ఈ చోటనే మనం ఒక సంగతిని గుర్తుంచుకొనవలెను. ఆ కొత్త లోకంలో కూస్తో మొదట ప్రవేశించినది వేటగానిగా. ఆయన, తాయియే, ఫ్రెదెరిక్ ద్యుమా అను ముగ్గురు మిత్రులు ఈటెలతో చేపలను పొడిచి తెచ్చేవారు. నీటిలో ఇంకా లోతుకు పోవలెను, ఇంకా ఎక్కువసేపు ఉండవలెను అను తహతహకు ఆ వేట కూడ ఒక కారణమే.

1937లో ఆయన సిమోన్ మెల్షియోర్ అను యువతిని వివాహమాడాడు. ఆమె తండ్రి ఎయిర్ లిక్విడ్ అను వాయు పరిశ్రమ సంస్థలో ఉన్నతోద్యోగి. ఆ బంధుత్వమే కూస్తోను ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరు వద్దకు చేర్చింది. అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. ఫ్రాన్సు జర్మనీ ఆక్రమణలో ఉన్నది. పెట్రోలు దొరకక మోటారు బండ్లను గ్యాసుతో నడుపుచున్నారు. యంత్రానికి ఎంత అవసరమో అంతే గ్యాసును అందించే ఒక చిన్న కవాటాన్ని గాన్యాన్ తయారు చేసి ఉన్నాడు. యంత్రానికి అందించగలిగినది మనిషి ఊపిరికి అందించలేదా అని వారిద్దరు ఆలోచించారు.

ఆలోచన సులభంగా కనిపించినా, సమస్య చిన్నది కాదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల వద్ద ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు, 30 మీటర్ల వద్ద నాలుగింతలు. ఛాతీపై అంతటి ఒత్తిడి ఉండగా మామూలు గొట్టంతో గాలి పీల్చుట అసాధ్యం. చుట్టూ ఉన్న నీరు ఎంత ఒత్తిడి కలుగజేయునో లోపలికి వచ్చే గాలి కూడ సరిగా అంతే ఒత్తిడితో రావలెను. వీరి రెగ్యులేటర్‌లో ఒక పలుచని పొర ఉంటుంది. దానికి ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క గాలి. మనిషి ఊపిరి పీల్చగానే ఆ పొర లోపలికి వంగి కవాటాన్ని తెరుస్తుంది. వీపున ఉన్న సిలిండరులోని గాలి ఆ లోతుకు తగిన ఒత్తిడితో నోటికి అందుతుంది. పీల్చుట ఆపగానే కవాటం మూసుకొంటుంది. 1943 ప్రారంభంలో పారిస్ సమీపాన మార్న్ నదిలో మొదటి పరీక్ష జరిగింది. అడ్డంగా ఈదినప్పుడు చక్కగా పనిచేసిన పరికరం, నిటారుగా నిలబడగానే గాలిని వృథాగా వదిలివేసింది. తల కిందికి వంచితే గాలి అందుట కష్టమైనది. గాలిని లోనికి తెచ్చే చోటు, విడిచిన గాలి వెలుపలికి పోయే చోటు వేరువేరు ఎత్తులలో ఉండుటయే లోపమని వారు గ్రహించి, రెండింటిని దగ్గరకు చేర్చారు. అంతటితో చిక్కు విడిపోయింది. ఆ వేసవిలో మధ్యధరా సముద్ర తీరాన కూస్తో ఆ పరికరంతో చేపవలె స్వేచ్ఛగా ఈదాడు. దానికి ఆక్వాలంగ్ అని పేరు వచ్చింది. ఈనాడు స్కూబా అని మనం పిలుచుచున్న ఈతకు ఇదే ప్రధానమైన పునాది. పందొమ్మిదవ శతాబ్దిలో రూకెరోల్, దెనెరూజ్ అనువారు, ఆ తరువాత ల ప్రియర్ అనువారు ఈ దారిలో కృషి చేసి ఉన్నారని కూడ మనం చెప్పుకొనుట న్యాయం. ఏ ఆవిష్కరణ కూడ ఒకే మనిషి సొత్తు కాదు.

స్వేచ్ఛ దొరికింది గాని దానికి వెల చెల్లించవలసి వచ్చింది. 1946లో వోక్లూజ్ అను ప్రసిద్ధమైన నీటిబుగ్గ లోతులకు దిగిన కూస్తో, ద్యుమాలు స్పృహ తప్పి చావు అంచుల వరకు వెళ్లి వచ్చారు. సిలిండర్లు నింపిన యంత్రం తాను విడిచిన విషవాయువునే తిరిగి లోనికి పీల్చి గాలితో కలిపినదని పిమ్మట తెలిసింది. మరుసటి ఏడు మోరిస్ ఫార్గ్ అను సహచరుడు 120 మీటర్ల లోతుకు దిగి, అక్కడ తాడుకు కట్టిన పలకపై తన పేరు వ్రాసి, ప్రాణం లేక పైకి వచ్చాడు. లోతున గాలిలోని నత్రజని మద్యమువలె మనిషికి మత్తు కలిగిస్తుంది. ఆ మత్తులో తాను ఏమి చేయుచున్నాడో తనకే తెలియదు. తొందరపడి పైకి వచ్చినచో ఆ నత్రజనియే రక్తంలో బుడగలై అంగవైకల్యమో మరణమో తెచ్చిపెడుతుంది. ఈ నియమాలలో కొన్నింటిని వీరు గ్రంథాలలో చదివి తెలుసుకొన్నారు, కొన్నింటిని మిత్రుని మరణం వలన తెలుసుకొన్నారు.

1950లో ఒక ధనిక ఆంగ్లేయుని ఉదారత వలన కూస్తోకు ఒక ఓడ లభించింది. యుద్ధకాలంలో మందుపాతరలు ఏరిన ఓడ అది. యుద్ధానంతరం మాల్టాలో బల్లకట్టుగా ప్రయాణికులను దాటించినది. దాని పేరు కలిప్సో. ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దె మాత్రమే. ఓడను పరిశోధనకు తగినట్లు మార్చుటకు సిమోన్ తన నగలను సైతం అమ్మివేసింది. కెమేరాల ముందుకు దాదాపుగా రాని ఆ ఇల్లాలు తన జీవితంలో ఎక్కువ కాలం ఆ ఓడపైననే గడిపింది. కూస్తో కీర్తిలో ఆమె వాటాను లోకం ఆలస్యంగా గుర్తించింది.

కలిప్సో మొదటి పెద్ద యాత్ర ఎర్రసముద్రానికి. అరేబియా తీరాన ఫరసాన్ ద్వీపాల పరిసరాలలోని పగడపు దిబ్బలను 1951-52లో వారు పరిశీలించారు. 1953లో నిశ్శబ్ద ప్రపంచం అను అర్థం గల పేరుతో కూస్తో, ద్యుమాల గ్రంథం వెలువడింది. అదే పేరుతో ఒక చలనచిత్రం తీయవలెనని సంకల్పించి, 1955లో లూయీ మాల్ అను యువ దర్శకుని వెంటబెట్టుకొని వారు హిందూ మహాసముద్రంలోనికి వచ్చారు.

ఆ యాత్రలో వారి మనస్సును దోచుకొన్నది అజంప్షన్ ద్వీపం. సెషెల్స్ దీవులలో ఆల్దబ్రా అను పగడపు వలయానికి సుమారు 27 కిలోమీటర్ల దూరాన ఉన్న చిన్న ఉష్ణమండల ద్వీపమది. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఎరువు కొరకు పక్షుల రెట్టను తవ్వి తీసుకొనిపోయిన వారి చేతులలో ద్వీపపు నేల అప్పటికే గాయపడి ఉన్నది. కాని దాని చుట్టూ ఉన్న నీరు మాత్రం మనిషిని ఎరుగదు. అచ్చటి చేపలు ఈతగాండ్రను చూచి పారిపోక దగ్గరకు వచ్చి పరీక్షగా చూసేవి. గ్రూపర్ జాతికి చెందిన ఒక పెద్ద చేప వీరికి ఎంతగా మచ్చికైనదంటే, చేతిలోని మాంసపు ముక్కలను తినుచు, ఇతర చేపలకు అందనీయక, కెమేరాకు అడ్డు తగులుచు చివరకు వీరిని విసిగించింది. దానిని కొంతసేపు సొరచేపల బోనులో ఉంచి చిత్రీకరణ సాగించవలసి వచ్చింది. వారు దానికి జోజో అని పేరు పెట్టుకొన్నారు. ఒక చేపకు పేరు పెట్టుట చిన్న విషయంగా తోచవచ్చును. కాని ఈటెతో నీట దిగినవాడు పొడువబోయే చేపకు పేరు పెట్టడు.

ఆ చిత్రానికి 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమానం లభించింది. తరువాత ఆస్కార్ కూడ వచ్చింది. కోట్లాది జనం తొలిసారిగా సముద్రగర్భాన్ని రంగులలో చూచారు. అయితే ఈనాడు ఆ చిత్రాన్ని చూచే వారికి కొన్ని దృశ్యాలు కంట నలుసువలె బాధిస్తాయి. చేపల జాతులను లెక్కించుటకై ఒక పగడపు దిబ్బ వద్ద డైనమైట్ పేల్చారు. దిబ్బ బ్రద్దలై చేపలు గుట్టలుగా తేలాయి. సముద్రపు తాబేలును పట్టుకొని దాని వీపుపై స్వారీ చేశారు. ఓడ చక్రాలకు తగిలి ఒక తిమింగలపు పిల్ల గాయపడింది. దాని నెత్తురుకు సొరచేపలు మూగినప్పుడు ఓడలోనివారు పగబట్టినట్లు వాటిని పైకి లాగి చావగొట్టారు. తప్పు ఓడది, శిక్ష సొరచేపలకు పడింది.

మేము ఈ సంగతులను మరుగుపరచలేదు, ఎందుకనగా కూస్తో కూడ వాటిని మరుగుపరచలేదు. తన చిత్రంలో తానే చూపించాడు. ఆనాడు వాటిని తప్పులని ఆయన గాని, చూచినవారిలో అధికులు గాని తలచలేదు. సముద్రం తరగని నిధి అని అందరి నమ్మకం. కూస్తో కూడ సముద్రాన్ని మనిషి నివాసంగా మార్చవలెనని కలలు కన్నాడు. 1963లో సూడాన్ తీరాన షాబ్ రూమీ అను పగడపు దిబ్బ వద్ద, సుమారు 10 మీటర్ల లోతున ఇల్లు కట్టి ఐదుగురిని ఒక నెలపాటు అక్కడ నివసింపజేశాడు. ఆ ప్రయోగాలకు చమురు పరిశ్రమ డబ్బు కూడ తోడైనది. సముద్రపు అడుగును జయించుట అప్పటి ఆదర్శం.

మార్పు ఒక్క దినంలో రాలేదు. 1957 నుండి ఆయన మొనాకోలోని సముద్ర శాస్త్ర ప్రదర్శనశాలకు అధ్యక్షుడై ఉన్నాడు. 1960లో ఫ్రెంచి అణుశక్తి సంస్థ అణు వ్యర్థాలను పీపాలలో నింపి మధ్యధరా సముద్రంలో పారవేయ సంకల్పించినప్పుడు ఆయన ఎదిరించి నిలిచాడు. ప్రజలు ఆయన వెంట నిలిచారు. ప్రభుత్వం ఆ యత్నాన్ని విరమించుకొన్నది. 1968 నుండి 1976 వరకు సాగిన టెలివిజన్ చిత్రమాల కొరకు ఆయన మళ్లీ మళ్లీ అవే సముద్రాలకు వెళ్లాడు. ఒకనాడు చేపలతో కిటకిటలాడిన రాళ్లు బోసిపోయి ఉండుట కన్నులార చూచాడు. ఒక్కసారి చూచినవానికి సముద్రం అందంగా మాత్రమే కనిపిస్తుంది. ముప్పది సంవత్సరాలు చూచినవానికి మాత్రమే అది క్షీణించుట కనిపిస్తుంది. సముద్రంలో నివాసాలు కట్టవలెనను తన కలను తానే విడిచిపెట్టాడు. 1970 దశకం ఆరంభంలో సముద్ర సంరక్షణకై తన పేర ఒక సంఘాన్ని స్థాపించాడు. ఈటె పట్టిన చేయి ఈటె వేటను నిరసించే లేఖనిని పట్టింది.

1979 జూన్ 28న ఆయన చిన్న కుమారుడు ఫిలిప్ పోర్చుగల్‌లో తేజో నదిపై జరిగిన సముద్ర విమాన ప్రమాదంలో మరణించాడు. తన తరువాత ఈ పనిని కొనసాగించునని నమ్ముకొన్న బిడ్డ. అప్పటికి కూస్తోకు 69 ఏళ్లు. పుత్రశోకంతో ఇంటిపట్టున కూర్చొనవలసిన వయస్సులో ఆయన అమెజాన్ నదికి యాత్ర సాగించాడు. అంటార్కిటికా ఖండంలో గనుల త్రవ్వకానికి దేశాలు సిద్ధపడగా, లక్షలాది ప్రజల సంతకాలు సేకరించి ప్రభుత్వాల ముందుంచాడు. 1991లో మాడ్రిడ్ నగరంలో కుదిరిన ఒప్పందం ఆ ఖండంలో గనుల త్రవ్వకాన్ని నిషేధించింది. ఆ విజయం వెనుక ఎందరో ఉన్నారు, వారిలో ఆ 81 ఏళ్ల వృద్ధుడొకడు.

కూస్తోను గూర్చి మా కళాశాలలో ప్రసంగం వచ్చినప్పుడెల్లా వినిపించే ఒక మాటను గూర్చి ఇక్కడ చెప్పక తప్పదు. జిబ్రాల్టర్ జలసంధి వద్ద రెండు సముద్రాల నీరు కలియకుండుటను చూచి, పవిత్ర ఖుర్ఆన్‌లో ఆ ప్రస్తావన ఉన్నదని తెలిసి, ఆయన ఇస్లాంను స్వీకరించాడని మన సమాజంలో ఒక ప్రచారం బహుకాలంగా ఉన్నది. అది యథార్థం కాదు. 1991లోనే ఆయన సంస్థ దానిని వ్రాతపూర్వకంగా ఖండించింది. ఆయన అంత్యక్రియల ప్రార్థన పారిస్‌లోని నోత్రదామ్ ప్రధాన చర్చిలో జరిగింది. మన విశ్వాసానికి పరుల సాక్ష్యం అవసరం లేదు, అందులోను లేని సాక్ష్యం అసలే అవసరం లేదు. ఒక మనిషి మనవాడైతేనే గొప్పవాడనుట సంకుచితత్వం. కూస్తోను ఉన్నవానిని ఉన్నట్లు గౌరవించుటయే విద్యావంతులకు శోభ.

1990లో సిమోన్ కన్నుమూసింది. 1996 జనవరిలో సింగపూరు రేవులో ఒక పడవ ఢీకొని కలిప్సో మునిగిపోయింది. దానిని పైకి తీశారు గాని అది మునుపటి ఓడ కాలేదు. 1997 జూన్ 25న, 87 ఏళ్ల వయస్సులో కూస్తో పారిస్‌లో మరణించాడు. పుట్టిన ఊరిలోనే ఆయనను ఖననం చేశారు.

ఆయన పోయిన మరుసటి ఏడే, 1998లో, హిందూ మహాసముద్రపు నీరు మితిమీరి వేడెక్కింది. పగడమనునది రాయి కాదు, అతి సూక్ష్మమైన జీవుల సమూహం. ఆ జీవుల దేహంలో నివసించే నాచువంటి సూక్ష్మజీవులే వాటికి ఆహారాన్ని, రంగును ఇస్తాయి. నీరు వేడెక్కినచో ఆ బంధం తెగిపోయి, పగడం తెల్లబడి, కొన్ని వారాలలో ఆకలితో మరణిస్తుంది. సెషెల్స్‌లోని ప్రధాన దీవుల చుట్టూ సజీవమైన పగడంలో అత్యధిక భాగం ఆ ఏడు నశించింది. మన లక్షద్వీపాలలోను అదే జరిగింది. 2010లోను, 2016లోను ఆ దీవులకు మళ్లీ అదే దెబ్బ తగిలింది. ఇక ఆల్దబ్రా 1982 నుండి ప్రపంచ వారసత్వ స్థలంగా రక్షణలో ఉన్నది. జోజో తిరిగిన అజంప్షన్ ద్వీపం పేరు 2018లో మన వార్తాపత్రికలలో కూడ కనిపించింది. అక్కడ సైనిక సౌకర్యాల నిర్మాణానికి మన దేశానికి, సెషెల్స్‌కు ఒప్పందం కుదిరి, ఆ దేశంలో వ్యతిరేకత వలన అమలులోనికి రాలేదు.

డైనమైట్ ఒక దిబ్బను ఒక క్షణంలో పగులగొట్టగలదు. మన పొగగొట్టాలు, మోటారు బండ్లు వేల దిబ్బలను ఒకేసారి వేడిచేయగలవు. కూస్తో తాను చేసిన హానిని నీటిలో ఉండి తన కళ్లతో చూడగలిగాడు, కనుకనే మారగలిగాడు. మనం చేయుచున్న హాని మనకు వేల మైళ్ల దూరాన, నీటి అడుగున జరుగుచున్నది. చూడని దానికి పశ్చాత్తాపం ఎక్కడిది?

నేడు లక్షద్వీపాలలోను, అండమాన్ దీవులలోను మన యువకులు సిలిండరు వీపున వేసుకొని నీట దిగుచున్నారు. మా విద్యార్థులలో ఎవరికైనా ఆ అవకాశం కలిగినచో సంతోషంగా వెళ్లవలెనని మేము కోరుదుము. ఆ గాలిని అందించే చిన్న పరికరం వెనుక ఫార్గ్ వంటి వారి ప్రాణాలున్నవని గుర్తుంచుకొనవలెను. పగడాన్ని చేతితో తాకరాదు, కాలితో త్రొక్కరాదు, జ్ఞాపకార్థం ఒక్క కొమ్మ అయినను విరిచి తేరాదు. కూస్తో దీనిని నేర్చుకొనుటకు సగం జీవితం పట్టింది. మనకు అంత వ్యవధి లేదు.